సవరణ: కమోడోర్ 64లో స్క్రీన్ నల్లగా ఉంటే ముందు పవర్ చూడండి

మొన్న కమోడోర్ 64 (ఎనభైల నాటి హోమ్ కంప్యూటర్) రిపేర్ గురించి రాసిన దాంట్లో "ఎర్ర లైటు వెలుగుతూ స్క్రీన్ నల్లగా ఉంటే పీఎల్ఏ చిప్ పోయినట్టే" అన్న లైను ఉంది కదా, అది సగమే నిజం. పీఎల్ఏ (ఏ చిప్ ఎప్పుడు పనిచేయాలో చూసుకునే చిప్) పోతే అలాగే అవుతుంది, కాదనను, కానీ ఆ లైటు వెలిగేది 5 వోల్టుల లైన్ మీద. అడాప్టర్ నుంచి 9 వోల్టుల ఏసీ కూడా వస్తుంది, పాత బోర్డుల్లో వీడియో చిప్‌కి కావాల్సిన 12 వోల్టులు తయారయ్యేది దాన్నుంచే. లోపల ఆ లైన్ మీదున్న చిన్న గాజు ఫ్యూజు ఎగిరిపోయిందనుకోండి, లైటు హాయిగా వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ మాత్రం రాదు. దానికి పీఎల్ఏ కొనడం దండగ.

ఇంకోటి, అడాప్టర్‌ని కంప్యూటర్‌కి తగిలించకముందే మల్టీమీటర్ పెట్టి చూడాలి. ప్లగ్గులో 5, 2 పిన్నుల మధ్య డీసీ, 6, 7 మధ్య ఏసీ, మధ్యలో మీటర్ నాబ్ డీసీ నుంచి ఏసీకి తిప్పడం మర్చిపోకండి. డీసీ 5.25 వోల్టులు దాటిందా, ఇక దాన్ని వాడొద్దు, పాతవాటిలో చాలావరకు లోపల ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోసి మూసేశారు కాబట్టి విప్పి బాగుచేయడం కూడా పెద్ద తలనొప్పి, వోల్టేజీ పెరిగితే ముందు బలయ్యేవి మెమరీ చిప్పులే. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా 5 చూపించి వేడెక్కాక పైకెక్కేవీ ఉంటాయి, అందుకే కాసేపాగి మళ్లీ చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు మెమరీ చిప్పుల మీద వేలు పెట్టండి, ఎనిమిదిలో ఒక్కటే చురుక్కుమంటే అనుమానం దాని మీదే. పీఎల్ఏ మామూలుగానే వేడిగా ఉంటుంది, దాన్ని ముట్టుకుని తేల్చేయకండి.