వినే పనికి జీతం ఎవరిస్తారు?

డిసెంబరు వస్తే నాకు అమెరికా నుంచి వచ్చిన తెలుగువాళ్ళ ఫోన్లు పెరుగుతాయి. నేను హైదరాబాద్‌లో ఉంటూ డాక్యుమెంటరీలు తీస్తాను, రాస్తాను, నిజ జీవితాన్ని కథగా ఎలా చెప్పాలో పిల్లలకు పాఠాలు చెబుతాను. అందుకని నన్ను ఎక్కువగా అడిగేవి రెండు సంగతులు. "మా అమ్మాయి డాక్యుమెంటరీలు తీస్తానంటోందండీ, అందులో పడితే బతకగలదా?" అన్నది ఒకటి. "మా సంఘం తరఫున మీ స్టూడెంట్లకు మంచి కెమెరా కొనిద్దామనుకుంటున్నాం, ఏది కొనమంటారు?" అన్నది రెండోది. అడిగేవాళ్ళ మంచి మనసు మీద నాకు గౌరవం ఉంది. అయినా నా జవాబు మారదు. కెమెరా వద్దు, ఆ డబ్బుతో ఒక మనిషికి కొన్ని నెలల జీతం ఇవ్వండి. అలాంటి జీతాలు ఉంటే మీ అమ్మాయి కూడా బతకగలదు.

కెమెరా ఇప్పుడు ఎవరికీ అడ్డంకి కాదు. ఫోనుతో తీసింది కూడా పెద్ద తెర మీద నిలబడుతోంది. చొక్కాకు తగిలించే చిన్న మైకు, మంచి హెడ్‌ఫోన్స్, రెండు హార్డ్ డిస్కులు ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఇంకా ఏమైనా కావాలంటే కృష్ణానగర్ వైపు వెళితే లైటు దగ్గర్నుంచి లెన్సు దాకా రోజు అద్దెకు దొరుకుతాయి. ఇంత పెద్ద సినిమా ఊళ్ళో సామానుకు కరువేముంది? కరువంతా టైముకే. ఒక పెద్దాయన ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు కెమెరా బ్యాగులోంచి తీయకుండా టీ తాగి వచ్చేయడం మా పని. రెండోసారి వెళితే ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలిసి, మందుల షాపుకు వెళ్ళి మందులు తెచ్చిచ్చి వెనక్కి రావడం కూడా పనే. ఈ రోజులకు బిల్లు రాస్తే ఏ దాతా ఒప్పుకోడు. "షూటింగ్ జరగలేదు కదా?" అంటారు.

ఆ టైము దేనికో ఒక ఉదాహరణ చెబుతాను. 2020 అక్టోబరు వానల్లో మూసీకి దగ్గర్లోని ఒక బస్తీలో ఇల్లు మునిగిన ఆవిడను మా క్లాసులో ఒకమ్మాయి ఇంటర్వ్యూ చేసింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టి సంసారం నెట్టుకొస్తోంది. "ఆ రాత్రి మీకెలా అనిపించిందమ్మా?" అని మా అమ్మాయి అడిగింది. "ఎట్లనిపిస్తది బిడ్డా, భయమైంది" అంది ఆవిడ. రికార్డింగ్ మొత్తం విన్నాను. టీవీలో వచ్చిన వరద వార్తల్లో లేని మాట ఒక్కటీ అందులో లేదు.

మళ్ళీ వెళ్ళమన్నాను. ఎలా అనిపించిందో అడగొద్దు, ఏం చేశారో అడుగు. ముందు ఏ వస్తువు తీశారు, ఎక్కడ పెట్టారు, కరెంటు ఎప్పుడు పోయింది, అప్పటికి పొయ్యి మీద ఏముంది, ఇవి అడుగు అన్నాను. రెండో రికార్డింగ్‌లో మాట్లాడింది వేరే మనిషా అనిపించింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, కూతురి టెన్త్ మెమో పాలిథిన్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకుందట. బియ్యం డబ్బాను మంచం మీదికి ఎక్కించిందట. నీళ్ళు మంచం కూడా దాటాక డబ్బాను వదిలేసిందట. అక్కడ ఆవిడ మాట ఆగింది. రికార్డింగ్‌లో పక్కింటి మిక్సీ, గల్లీలో ఒక ఆటో హారన్ వినిపిస్తాయి. మా అమ్మాయి ఏమీ అడగలేదు, "అయ్యో" అని కూడా అనలేదు. చాలాసేపటికి ఆవిడే అంది: "మిషిన్ ఒక్కటి ఎత్తలేకపోయిన. కాళ్ళ మిషిను, ఇనుముది. నా పెండ్లికి మా నాయిన కొన్నడు. గిరాకోళ్ళ బట్టలన్నీ దాని మీదనే ఉండె. దసరాకు కుట్టియ్యాలె అవి."

ప్రభుత్వం అప్పుడు మునిగిన ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. గిరాకోళ్ళ బట్టల సంగతి ఏ సర్వేలోనూ లేదు. ఆ బట్టల డబ్బు ఆవిడ నెలనెలా కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చింది. నగరంలో వరద వస్తే పేదవాళ్ళు ఏం పోగొట్టుకుంటారో నాకు ఆ ఒక్క వాక్యంతో అర్థమైంది. ఆ వాక్యం రెండోసారి వెళ్ళినందుకు వచ్చింది, నోరు మూసుకుని కూర్చున్నందుకు వచ్చింది.

తర్వాత దాన్ని కాగితం మీద పెట్టాలి. గంట మాటలు రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, యాస తెలియకపోతే ఇంకా ఎక్కువ. సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. న్యూస్ రీడర్ తెలుగును బాగానే పట్టుకుంటాయి. తెలుగులో మొదలుపెట్టి మధ్యలో దక్కనీలోకి, అంటే హైదరాబాదీ ఉర్దూలోకి, వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చే మనిషి దగ్గర చేతులెత్తేస్తాయి. పాత బస్తీలో చాలామంది అలాగే మాట్లాడతారు. కాబట్టి మా పిల్లలతో చేత్తోనే రాయిస్తాను. తాము ఎక్కడ అడ్డుపడి మాట్లాడారో, ఏ ప్రశ్నతో ఎదుటివాళ్ళ నోట్లో జవాబు పెట్టేశారో రాసేటప్పుడే తెలుస్తుంది. నేను చెప్పే పాఠాల్లో దీనికంటే గట్టి పాఠం లేదు.

తెలుగులో ఈ పని కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకీ దారి ఎలా ఉందో, నీళ్ళు ఉన్నాయో లేవో, ఏమి దొరుకుతాయో రాసుకుంటూ పోయాడు. హైదరాబాద్ మీదుగా వెళుతూ ఈ ఊరి గురించీ రాశాడు. ఆ 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మా పిల్లలకు మొదట చదవమని ఇచ్చేది అదే. అయితే ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పే ఉద్యోగి. పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని ఏడాదికి పైగా తిరగగల స్తోమత ఉంది. ఆ స్తోమత లేనివాళ్ళు రాయాలంటే ఎవరో ఒకరు వెనక నిలబడాలి.

నాకు అంతకంటే దగ్గరి పుస్తకం 'మనకు తెలియని మన చరిత్ర'. హైదరాబాద్‌లోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ మాటలు రికార్డు చేసి, 1986లో తెచ్చిన పుస్తకం. అందులో చిట్యాల ఐలమ్మ ఉంది, మల్లు స్వరాజ్యం ఉంది, పేరు ఎవరికీ తెలియని ఆడవాళ్ళు ఉన్నారు. దళాల్లో తిరుగుతూ కన్న పిల్లల గురించి, పోరాటం అయిపోయాక ఇంటికి పొమ్మన్నప్పుడు ఏమైందన్న దాని గురించి వాళ్ళు మాట్లాడారు. అప్పటికి పోరాటం ఆగి మూడు దశాబ్దాలు. దాని మీద మగ నాయకులు రాసిన పుస్తకాలు ఉన్నాయి. వీళ్ళనే ఎవరూ అంత ఓపిగ్గా కూర్చుని అడగలేదు. పుస్తకం వచ్చేనాటికి ఐలమ్మ లేదు, 1985 సెప్టెంబరులో కన్నుమూసింది. ఆ రికార్డింగులు ఇంకొంచెం ఆలస్యమైతే ఐలమ్మ మనకు విగ్రహంగానే మిగిలేది. ఆమె తన నోటితో తన కథ చెప్పిన పేజీలు ఉండేవి కావు.

సినిమాలోనూ అంతే. 1984లో హైదరాబాద్ పాత బస్తీలో జరిగిన మత కల్లోలాల మీద దీపా ధన్‌రాజ్ 1986లో 'క్యా హువా ఇస్ షహర్ కో?' తీశారు. మన ఊరి మీద అంత నిక్కచ్చిగా తీసిన సినిమాను దశాబ్దాల తర్వాత డిజిటల్‌గా బాగుచేసి నిలబెట్టింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సంస్థ. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. ఆ పని మనవాళ్ళు చేసి ఉంటే నాకు ఇంకా సంతోషంగా ఉండేది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్ళు, చాలామంది బడి ముఖం చూడని దళిత రైతు మహిళలు, కెమెరా నేర్చుకుని తమ చేలను తామే తీసుకున్నారు. 2008లో సంఘం రేడియో పెట్టుకున్నారు. ఎదుటి మనిషి కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టి తీసేదాన్ని వాళ్ళు 'సంఘం షాట్' అంటారు. ఊరి పెత్తందారులా పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది 'పటేల్ షాట్'. కెమెరా యాంగిల్ గురించి ఏ ఫిల్మ్ స్కూల్ పుస్తకమూ నాకు ఇంతకంటే బాగా చెప్పలేదు. వాళ్ళు ఒక్కరోజు వర్క్‌షాపుతో అక్కడిదాకా రాలేదు, ఏళ్ళ తరబడి వాళ్ళతో కూర్చుని నేర్పినవాళ్ళు ఉన్నారు.

ఇక మీ అమ్మాయి బతుకుతెరువు సంగతి. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. డాక్యుమెంటరీలు మాత్రమే తీస్తూ హైదరాబాద్‌లో అద్దె కట్టగలవాళ్ళు బహు తక్కువ. మిగతావాళ్ళం స్వచ్ఛంద సంస్థలకు చిన్న ఫిల్ములు తీస్తాం, కంపెనీలకు, ఆసుపత్రులకు వీడియోలు చేస్తాం, సబ్‌టైటిల్స్ రాస్తాం, పాఠాలు చెబుతాం. వాటి మధ్య మిగిలిన రోజుల్లో మన సొంత సినిమా. ఒకప్పుడు, 1948లో పుట్టిన కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ ఈ రంగంలో పెద్ద యజమాని. మీలో పెద్దవాళ్ళకు సినిమాకు ముందు హాల్లో వేసే న్యూస్ రీళ్ళు గుర్తుండే ఉంటాయి. 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిపేశారు. కేరళలో ప్రభుత్వ చలనచిత్ర అకాడమీ 2008 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీలకు, లఘు చిత్రాలకు అంతర్జాతీయ ఉత్సవం నడుపుతోంది. హైదరాబాద్‌లో మాకు ఉన్నవి బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి చోట్లు. 2010లో మొదలైన ఆ ఆవరణలో చెట్టు కింద కూర్చుని సినిమా చూసి, తీసినవాళ్ళతో రాత్రిదాకా వాదించొచ్చు. నాకు అది ప్రాణం. కానీ జీతాలు ఇవ్వడం లామకాన్ వల్ల అయ్యే పని కాదు కదా.

2023 మార్చి 13 ఉదయం 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినప్పుడు తెలుగువాళ్ళం ఎక్కడున్నా పండగ చేసుకున్నాం. నేనూ చేసుకున్నాను. అదే వేదిక మీద ముదుమలై అడవిలో అనాథ ఏనుగు పిల్లలను పెంచిన జంట మీద తీసిన డాక్యుమెంటరీ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'కు కూడా ఆస్కార్ వచ్చింది. తెర మీద అది నలభై నిమిషాలు. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ ఆ కుటుంబంతో గడిపింది ఏళ్ళు. అలా ఏళ్ళు గడపగల తెలుగు పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. రెండో ఏడు వచ్చేసరికి ఇంట్లో పెళ్ళి మాటలు, ఈఎంఐ టెన్షన్ మొదలై, సాఫ్ట్‌వేర్ కంపెనీలో కంటెంట్ ఉద్యోగానికి వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పుపట్టను, కానీ వెళ్ళినప్పుడల్లా బాధపడతాను.

మీరుండే అమెరికాలో దీనికి దారి వేసుకున్నారు. ప్రేక్షకుల చందాలు కూడా తీసుకునే ప్రజా టీవీ పీబీఎస్‌లో 'పీఓవీ' అనే కార్యక్రమం 1988 నుంచి స్వతంత్రంగా పనిచేసే దర్శకుల డాక్యుమెంటరీలు వేస్తోంది. మీలో కొందరు మీ ఊరి స్టేషన్‌కు ఏటా చందా కట్టేవాళ్ళే. ఆ చందా కట్టేటప్పుడు ఫలానా కెమెరా కొనండని ఎవరూ షరతు పెట్టరు. తెలుగు సంఘాలు అదే పద్ధతిలో హైదరాబాద్‌లో ఏటా ఇద్దరికి జీతం ఇవ్వగలవు. తారలు వచ్చే మహాసభల్లో ఒక సాయంత్రానికయ్యే ఖర్చులో చిన్న ముక్క చాలు. జీతంలో షూటింగ్ లేని రోజులు కూడా కలవాలి, మాటలను కాగితం మీదికి ఎక్కించినవాళ్ళకు విడిగా కూలి ఇవ్వాలి. మాట్లాడినవాళ్ళకు ఒక కాపీ చేరాలి, వద్దన్న మాటను తీసేసే హక్కు వాళ్ళకు ఉండాలి. ఫుటేజ్ ఒకే ఇంటి బీరువాలో పడి ఉండకూడదు. రెండు ఊళ్ళలో, రెండు గ్రంథాలయాల్లో ఉండాలి.

ఇంకో షరతు ఉంది, ఇది కొంత కష్టం కలిగించొచ్చు. డబ్బు ఇచ్చినవాళ్ళు కథలో వేలు పెట్టకూడదు. "మా నాన్నగారి మీద ఒక ఫిల్మ్ తీయండి" అని అడిగే పిల్లల ప్రేమ నాకు తెలుసు. అయితే చాలామందికి కావలసింది పొగడ్త. ఆయన కట్టించిన గుడి ఉండాలి, ఆయన పొలంలో పనిచేసిన పాలేరు మాట ఉండకూడదు. అది కుటుంబ ఆల్బం. దానికి ఫొటోగ్రాఫర్లు ఉన్నారు, మంచి పని చేస్తారు. నేను అడుగుతున్న జీతం ఆ పాలేరు ఇంటికి కూడా వెళ్ళేవాళ్ళ కోసం.

అమ్మాయిలనూ అబ్బాయిలనూ పంపాలనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో తెలుగు మాట్లాడించండి. పరీక్ష తెలుగు అక్కర్లేదు. ఫోన్లో నాన్నమ్మతో అరగంట ఆగకుండా మాట్లాడగలిగితే చాలు, మిగతాది నేర్పుతాం. ఎక్కడా తడబడని ఇంగ్లిషుతో వచ్చి, బస్తీలో దుబాసీని పక్కన పెట్టుకుని అడిగితే ఆ కాళ్ళ మిషిను మాట బయటకు రాదు.

ఈ ఏడాదే ఏదైనా సంఘం ముందుకు వస్తే ఏ పని మీద పెట్టాలో నా మనసులో స్పష్టంగా ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చిన రోజులను కళ్ళారా చూసినవాళ్ళ మాటలు. అప్పటికి పదేళ్ళున్న పిల్లలు ఇప్పుడు ఎనభై ఎప్పుడో దాటేశారు. వాళ్ళలో రజాకార్ల చేతుల్లో ఇంటివాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, సైన్యం వచ్చాక జరిగిన హింసలో పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటా ఒకే చోట ఉండాలి. పెట్టుకునే ఇద్దరిలో ఒకరికి ఉర్దూ, దక్కనీ బాగా రావాలి, ఇంకొకరికి పల్లె తెలంగాణ తెలుగు రావాలి. మొదట తొంభై దగ్గరపడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలి. మీ కుటుంబాల్లో అలాంటివాళ్ళు ఉంటే, సంఘం డబ్బు తేలేదాకా ఆగకుండా, వాళ్ళ ఊరు, వాళ్ళు మాట్లాడే భాష, మధ్యాహ్నం ఏ వేళకు లేచి కూర్చుంటారో రాసి ఈ పత్రిక సంపాదకులకు పంపండి.