ఆ ప్లేటు కింద పెట్టించింది మనమే

డిసెంబరులో విశాఖపట్నంలో మన అమెరికా తెలుగు సంఘం సేవా కార్యక్రమానికి వచ్చినవాళ్ళకి ఆ రోజు ఎలా సాగిందో చెప్పక్కర్లేదు. పొద్దున కంటి పరీక్షల క్యాంపు, పన్నెండింటికి స్కాలర్‌షిప్పుల పంపిణీ, ఆ తర్వాత ఇంజనీరింగ్ పిల్లలకి కెరీర్ గైడెన్స్. బీచ్ రోడ్డు పక్కన హాలు, దాని వెనక షామియానా, అందులో భోజనాలు. ఫొటోలు మీరంతా వాట్సాప్ గ్రూపులో చూసే ఉంటారు. వాటిలో లేని సంగతి ఒకటుంది. అది రాయడానికే కూర్చున్నాను.

కెరీర్ గైడెన్స్‌లో మన పెద్దాయన ఒకరు మాట్లాడారు. ఆయన మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఆయన పిల్లలతో అన్న మాట ఇది: "ఇరవై రెండేళ్ళుగా నేను లంచ్ నా డెస్క్ దగ్గరే తింటున్నాను. ఇక్కడ మనవాళ్ళకి పదకొండింటికి టీ, ఒంటిగంటకి భోజనం, రెండింటికి కునుకు, నాలుగింటికి మళ్ళీ టీ. ఇంక పనెప్పుడు చేస్తారు?" పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అప్పటికి రెండు దాటింది. నీళ్ళ బాటిల్ కోసం షామియానా వెనక్కి వెళ్ళాను. తెల్లవారుజాము నుంచి కుర్చీలు మోసినవాళ్ళు, మైకులు కట్టిన కుర్రాళ్ళు, గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే అన్నానికి కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయనకి అరవై ఉంటాయి. తలకి తువ్వాలు చుట్టుకుని, గోడ నీడన గొంతుక్కూర్చుని, పప్పూ అన్నం కలిపి మొదటి ముద్ద ఎత్తాడు. అంతలో మన కమిటీలోని ఒకరు వచ్చి, "బాబాయ్, ముందు ఆ వరస కుర్చీలు సర్దేయండి, వీడియో తీస్తున్నారు. తర్వాత తిందురుగాని" అన్నారు. ఆయన ముద్దని తిరిగి ప్లేటులో పెట్టేశాడు. ఈగలు వాలకుండా ఇంకో ప్లేటు తెచ్చి దానిమీద బోర్లించాడు. చెయ్యి తువ్వాలు కొసకి తుడుచుకుని లేచాడు. "మీరు తినండి, కుర్చీలు మేం సర్దుకుంటాం" అనడానికి నాకు ఒక్క క్షణం పట్టేది. అనలేదు. పక్కనున్న అప్ప నా మొహం చూసి, "పర్లేదమ్మా, మాకలవాటే" అంది. ఆయన తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది.

లోపల వేదిక మీద అన్న మాటా, బయట చేసిన పనీ ఒకే చోటు నుంచి వచ్చాయని నాకనిపించింది. తన అన్నం వేళని తప్పుగా చూడ్డం నేర్చుకున్నవాళ్ళకి ఎదుటివాడి అన్నం వేళ కంటికి ఆనదు.

మా నాన్న పోర్టులో క్రేన్ నడిపేవారు. వేసవి సెలవుల్లో ఆయన కేరేజీ గేటు దాకా తీసుకెళ్ళడం నా పని. గేటు బయట ఒక వేపచెట్టు ఉండేది. దానికింద కూర్చుని తినేవారు. అన్నం, పులుసు, చివర్లో మజ్జిగ. తిన్నాక చేతి గడియారం విప్పి నాకిచ్చి, గోనెసంచి పరుచుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకునేవారు. "పెద్దముల్లు ఆరు దగ్గరకొస్తే లేపమ్మా" అనేవారు. అది అప్పటికి మూడు మీద ఉండేది. ఆ పావుగంటా నేను గడియారం మీంచి చూపు తిప్పేదాన్ని కాదు. అంత బాధ్యత నాకు ఇంట్లో ఇంకెవరూ ఇవ్వలేదు. లేపగానే మొహం కడుక్కుని, ఒక గ్లాసు టీ తాగి లోపలికి వెళ్ళిపోయేవారు. ఎందుకు పడుకుంటారని ఒకసారి అడిగితే, "బరువు గాల్లో ఉన్నప్పుడు నా కళ్ళు మూతపడితే కిందున్న కళాసీలు ఏమైపోతారు తల్లీ?" అన్నారు.

నాసా పరిశోధకులు దూరప్రయాణపు విమానాల్లో పైలట్లకి వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చి చూశారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. వాళ్ళు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. నిద్రపోనివాళ్ళ కంటే విమానం దిగే వేళకి చురుగ్గా ఉన్నారు. అది చదవగానే నాకు ఆ వేపచెట్టే గుర్తొచ్చింది.

నాన్నగారి మాట నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం టెక్సాస్‌లో. నేను ఫార్మసిస్టుని. ఒక మందుల షాపులో 12 గంటల షిఫ్టు, ఫార్మసిస్టుని నేనొక్కదాన్నే. ఈ రాష్ట్రంలో పెద్దవాళ్ళకి భోజనానికి విరామం ఇచ్చి తీరాలన్న చట్టం లేదు, ఫెడరల్ చట్టమూ అలా అనదు. ఒక రోజు తొమ్మిదో గంటలో, ఏమీ తినకుండా, డాక్టర్ ఆఫీసు నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్ వింటూ మందు ఎంట్రీ చేశాను. హైడ్రలజీన్ బీపీకి. హైడ్రాక్సిజీన్ దురదకి, ఆందోళనకి. ఇంగ్లీషులో రాస్తే రెండింటికీ మొదటి నాలుగక్షరాలూ ఒకటే, రెండూ 10, 25, 50 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. మొదటి నాలుగక్షరాలు కొట్టగానే రెండూ తెరమీద కిందా మీదా వచ్చాయి. నేను రెండోది నొక్కాను. ఎంట్రీలోనే తప్పు పడితే బార్‌కోడ్ స్కానర్ ఏం పట్టుకుంటుంది? అన్నీ సరిపోయాయని పచ్చదీపం చూపించింది. చివరి పరీక్షా నాదే. అదీ సరే అన్నాను. కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ సీసా మూత తీసి, "నా మాత్ర నారింజ రంగులో ఉంటుందమ్మా, ఇది కాదు" అంది. ఆవిడ చూసుకోకుండా ఇంటికెళ్ళి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దగ్గర పెద్ద ఫార్మసీల్లో ఒకటైన సీవీఎస్ 2022 నుంచి చాలా షాపుల్లో మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండు దాకా ఫార్మసీ కౌంటర్ మూసేస్తోంది. షట్టర్ దించి బోర్డు పెడతారు. మొదట్లో మనవాళ్ళే కొందరు విసుక్కోవడం విన్నాను. ఆ అరగంట ఫార్మసిస్టుకే కాదు, మందు తీసుకునే మీకూ మంచిదే.

ఊళ్ళో అలవాట్లన్నీ గొప్పవని నేననను. అమ్మ పెన్షన్ కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే, పదకొండింటికి టీకి వెళ్ళిన గుమస్తా పన్నెండున్నరకి వచ్చాడు. ఎక్కడెక్కడి నుంచో బస్సెక్కి వచ్చిన ముసలివాళ్ళు అంతసేపూ బెంచీల మీదే ఉన్నారు. అలిసినవాడు కాసేపు ఆగడం వేరు, ఇది వేరు. దీన్ని దానితో కలిపేసి రెండింటినీ తిట్టడమే మనం చేస్తున్న పొరపాటు. ఇంకోటి కూడా చెప్పాలి. నాన్న కునుక్కి కాపలా కాయడానికి నేనున్నాను. ఆ కేరేజీ కట్టిన అమ్మకి ఎవరున్నారు? రెండింటికి గిన్నెలు తోమి చాప మీద నడుం వాలిస్తే మూడింటికి వీధి కుళాయి వచ్చేది. బిందె చప్పుడు వినగానే లేచిపోయేది. "ఇంకాసేపు పడుకోమ్మా, నీళ్ళు నేను పడతాను" అని మాలో ఒక్కరమూ అనలేదు.

మొన్న రుషికొండ వైపు వెళ్ళినప్పుడు ఐటీ ఆఫీసుల దగ్గర టీ కొట్టు పక్కన ఆగాను. ఐదారుగురు పిల్లలు, ఎదురుగా అంత సముద్రం. ఒక్కరి చూపూ అటు లేదు. చెవుల్లో హెడ్‌సెట్లు, చేతిలో ఫోన్లు, ఒకమ్మాయి టీ తాగుతూనే మీటింగ్‌లో ఉంది. పట్టుబట్టి దృష్టి పెట్టి చేసే పనికి మెదడు అలిసిపోతుందని, చెట్టునో నీళ్ళనో ఊరికే చూస్తుంటే అది తేరుకుంటుందని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచెల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు చెప్పారు. విశాఖవాళ్ళకి ఇది తాతలనాడే తెలుసు. సాయంత్రం ఏ పనీ లేకపోయినా ఆర్కే బీచ్‌లో కూర్చుని, మురీ మిక్స్చర్ తింటూ కెరటాలు చూసి ఇంటికెళ్ళేవాళ్ళం. ఆ పిల్లలకి ఆ పది నిమిషాలు కూడా లేకుండా చేసింది అమెరికా నుంచి వాళ్ళకి కాల్స్ పెట్టే మనమే కావచ్చు. ఆ కాల్ వాళ్ళ టీ వేళకి పడిందా అని మనలో ఎందరం చూస్తాం?

భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏకధాటిగా ఐదు గంటలు దాటి పని చేయించకూడదని, ఆలోపు కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. ఆ 5 గంటలని 6 చేయడానికి, రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచడానికి 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఒప్పుకుంది. నాకది నచ్చలేదు. వారానికి 70 గంటలు పని చేయాలన్న మాట 2023లో వచ్చినప్పుడు మన గ్రూపులో పడిన లైకులూ నచ్చలేదు. అయినా షామియానా కుర్చీలు మోసే మనిషి దగ్గరికి ఆ చట్టం ఎప్పుడు వచ్చింది కనుక? అక్కడ చట్టం మనమే.

ఉగాది కార్యక్రమం ముసాయిదా కమిటీకి నేనే పంపాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా పిల్లల డాన్సులు, పంచాంగ శ్రవణం, సన్మానాలు ఎప్పట్లాగే ఉన్నాయి. మధ్యలో ఒక్క వరస కొత్తగా చేర్చాను: "1:30 నుంచి 2:30 దాకా భోజనం, విశ్రాంతి. వేదిక మూసి ఉంటుంది." వంటింట్లో పూర్ణాలు వేయించే మన ఆడవాళ్ళు, సౌండ్ చూసే అబ్బాయి, పార్కింగ్ దగ్గర ఎండలో నిలబడే వాలంటీర్లు, హాలు తుడిచే మెక్సికన్ దంపతులు, అందరూ ఆ గంటలో కూర్చుని తినాలని నా కోరిక. ఆ గంటలో ఎవరినీ ఏ పనికీ పిలవొద్దు. ఇంకో రెండు డాన్సులు పడతాయని చెప్పి ఆ వరస కొట్టేయొద్దని మీ అందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను.