నీళ్లు మసకబారితే జాతులు కలిసిపోతాయి

ఒక్క చేప చావకుండానే ఒక చేప జాతి కనుమరుగైపోవచ్చు. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో కొన్నిచోట్ల జరిగింది అదే.

సుమారు 15 వేల ఏళ్ల కిందటి వరకూ ఆ సరస్సు ఎండిపోయి ఉంది. మళ్లీ నీళ్లు నిండాక అందులో సిక్లిడ్ కుటుంబానికి చెందిన 500 దాకా కొత్త జాతులు పుట్టుకొచ్చాయి. మన చేపల మార్కెట్లో దొరికే తిలాపియా, కేరళవాళ్ల కరిమీన్ కూడా ఈ కుటుంబానివే. సిక్లిడ్లకు గొంతులో రెండో జత దవడలుంటాయి. నమిలే పని అవి చూసుకుంటాయి కాబట్టి, ముందు నోరు దొరికిన తిండికి తగ్గట్టు మారగలిగింది. కొన్ని రాళ్ల మీది నాచు గీక్కుతింటాయి, కొన్ని నత్తల్ని పగలగొడతాయి, కొన్ని పక్క జాతుల పిల్లల్నే మింగేస్తాయి.

కానీ అసలు విషయం వెలుతురులో ఉంది. టాంజానియా వైపు మకోబే దీవి దగ్గర పుండమీలియా అనే సిక్లిడ్ చేపలు రెండు జాతులుగా బతుకుతున్నాయి. రాళ్ల మధ్య పైపైన తిరిగే మగవి నీలంగా, లోతున ఉండేవి ఎర్రగా ఉంటాయి. ఆ నీళ్లలో లోతుకు వెళ్లేకొద్దీ నీలి కాంతి తగ్గిపోయి, పసుపు, ఎరుపు మిగులుతాయి. లోతున బతికే చేపల కళ్లూ ఎరుపును బాగా పట్టుకునేలా మారాయి. అందుకే అక్కడి ఆడచేప ఎర్ర మగచేపనే కోరుకుంటుంది. ఆ రెండు జాతుల మధ్య వేరే గోడేమీ లేదు. ఆడచేప చూపు ఒక్కటే గోడ.

జీవశాస్త్రవేత్త ఓలే సీహౌసెన్ బృందం అక్వేరియంలో నారింజ రంగు కాంతి ఒక్కటే ఉంచి చూసింది. ఎరుపూ నీలమూ తేడా తెలియక ఆడచేపలు రెండు రకాల మగచేపల్నీ ఒకేలా ఇష్టపడ్డాయి. రెండు జాతులూ జతకడితే పుట్టే పిల్లలూ పిల్లల్ని కనగలవు. సరస్సులో నీళ్లు మసకబారి రంగుల తేడా తెలియకపోతే ఇంకేముంది, కొన్ని తరాల్లో రెండు జాతులూ కలిసి ఒక్కటైపోతాయి.

విక్టోరియా విషాదానికి అందరూ నైలు పెర్చ్‌నే తప్పుపడతారు. 1950లలో తెచ్చి వదిలిన ఆ పెద్ద చేప 1980లలో విపరీతంగా పెరిగింది. 200 దాకా జాతులు కనిపించకుండా పోవడంలో దానిదే పెద్ద పాత్ర, కాదనలేం. అయితే అది కొవ్వు చేప. చిన్న చేపల్లా ఎండలో ఆరబెడితే ఎండదు, పొగబెట్టాలి. కట్టెల కోసం చెట్లు నరికారు, చెట్లు పోయిన నేల మీది మట్టి సరస్సులోకి కొట్టుకొచ్చి నీళ్లు మసకబారాయి. దానికి పొలాల ఎరువులు, పట్టణాల మురుగు, మనకు బాగా తెలిసిన గుర్రపుడెక్క తోడయ్యాయి.

సరస్సు ఆరోగ్యాన్ని ఎన్ని టన్నుల చేప పడిందన్న లెక్కతో చూడటం తప్పని నా గట్టి నమ్మకం. టన్నులు తగ్గకుండానే జాతులు పోతాయి. నీటి తేటదనాన్ని కూడా చేపల సంరక్షణ లెక్కల్లో చేర్చాలి. దానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. భీమవరం వైపు చెరువుల రైతులు నీటి తేటదనం కొలవడానికి వాడే సెక్కీ డిస్క్ అనే బిళ్ల చాలు. తాడు కట్టి నీళ్లలోకి దించితే ఆ బిళ్ల మకోబే దగ్గర రెండు మీటర్ల లోతు దాకా కనిపిస్తుంది, అక్కడ ఎరుపూ నీలమూ విడివిడిగానే ఉన్నాయి. బురదనీళ్ల లువాన్సో దీవి దగ్గర అర మీటరుకే మాయమైపోతుంది. అక్కడి పుండమీలియాలు ఇప్పుడు ఒకే జాతి.