ట్యాంకు పైభాగాన్ని ఎవరూ కొలవలేదు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరిమీద పడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగిపోవడం వల్లే ఇదంతా అని ఇప్పటికీ చాలామంది అంటారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ అదే ఏడాది జూలైలో ఇచ్చిన నివేదికలో, నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. స్టైరీన్ నిల్వ ఉన్న ఎం-6 ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగునే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. స్టైరీన్ ట్యాంకు దగ్గర ఆ లెక్క చెల్లదు. స్టైరీన్ వేడెక్కితే అణువులు ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్‌గా మారడం మొదలవుతుంది. అలా మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మార్పు ఇంకా జోరందుకుంటుంది. దీన్ని అడ్డుకోవడానికి టీబీసీ అనే ఇన్‌హిబిటర్ కలుపుతారు. రోజులు గడిచేకొద్దీ అది ఖర్చయిపోతుంది. అది పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కూడా కరిగి ఉండాలి. 2019 డిసెంబరులో పైపింగ్ మార్చడంతో ట్యాంకులో ద్రవం సరిగా కలియతిరగడం ఆగింది. చల్లటిది అడుగున, వేడిది పైన పొరలుగా నిలిచిపోయింది. సెన్సర్ ఉన్నది చల్లటి పొరలో. కంట్రోల్ రూంలో కనబడిన అంకె తానున్న చోటి సంగతి సరిగ్గానే చెప్పింది. పైన ఏం జరుగుతోందో చెప్పే సాధనమే అక్కడ లేదు.

అమెరికాలోనూ ఇలాగే జరిగింది. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీ బీపీ రిఫైనరీలో సుమారు 170 అడుగుల టవర్‌లోకి ద్రవం ఎక్కిపోతుంటే, కింద కొన్ని అడుగుల వరకే ద్రవం ఎత్తు కొలవగల లెవెల్ ట్రాన్స్‌మిటర్ మాత్రం లెవెల్ తగ్గుతోందని చూపింది. విడిగా పెట్టిన హై లెవెల్ అలారం మోగలేదు. పేలుడులో 15 మంది పోయారు.

ఇప్పుడు మన ఫార్మా, కెమికల్ యూనిట్లలో ఆటోమేషన్ అంటే పెద్ద స్క్రీన్లు, ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లు, ఏఐ. అవన్నీ మంచివే, రావాలి కూడా. కానీ ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఫీల్డ్ నుంచి వచ్చిన సిగ్నల్‌నే చూస్తుంది. కొలవని పొర గురించి దానికి తెలియదు. అందుకే సెన్సర్‌ను ఏ ఎత్తున పెట్టాలన్నది కొనుగోళ్ల విభాగానికి వదిలేసే విషయం కాదు. పైపు మార్చిన ప్రతిసారీ, పాత చోట పెట్టిన సెన్సర్ ఇంకా సరైన చోటే ఉందా అని ప్రాసెస్ ఇంజనీరు సంతకం పెట్టి చెప్పాలి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్లు సెన్సర్ సరిగ్గా కొలుస్తోందని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ తేదీ చూసి ఊరుకోకుండా ట్యాంకు డ్రాయింగ్ తెరిపించి, సెన్సర్లు ఏయే ఎత్తుల్లో ఉన్నాయో అడగాలి.

సైరన్ సంగతి నన్ను మరీ బాధపెడుతుంది. గేటు దగ్గరతో కలిపి 36 చోట్ల సైరన్ మోగించే వీలున్నా ఒక్కటీ మోగలేదని కమిటీ తేల్చింది. నిద్రలో ఉన్న ఊరికి హెచ్చరిక అందలేదు. ఉష్ణోగ్రత పరిమితి దాటినా, గ్యాస్ డిటెక్టర్ పసిగట్టినా, షిఫ్ట్‌లో ఎవరి అనుమతి కోసమూ చూడకుండా ఊరి వైపు సైరన్ దానంతటదే మోగాలి. అలా మోగించే ఆటోమేటిక్ ఏర్పాటు, అంటే ఇంటర్‌లాక్, లేని ప్లాంటుకు లైసెన్స్ రెన్యువల్ చేయకూడదు.