సవరణ: పేటెంటు మాన్యువల్ మీద ఉండే నెల సంగతి

అమెరికా పేటెంటు పరిశీలన మాన్యువల్ (ఎంపీఈపీ) గురించి మొన్నటి పోస్టులో 'రివిజన్ 07.2022' అంటే 2022 జులైలో వెలువడిందని ఉంది. అది ప్రచురణ తేదీ కాదు. ఏ నెల దాకా వచ్చిన మార్పుల్ని లెక్కలోకి తీసుకున్నారో ఆ అంకె చెబుతుంది. పుస్తకం బయటికొచ్చింది 2023 ఫిబ్రవరిలో. తర్వాతి 01.2024 అయితే ఆ ఏడు నవంబరుకి గానీ రాలేదు. సర్కారీ పని, మన దగ్గరైనా అంతేగా!

సెక్షన్ శీర్షిక చివర చదరపు బ్రాకెట్లో కనిపించేదీ ఈ గుర్తే. ఒకే అధ్యాయంలో ఒక సెక్షన్‌కి ఆర్-07.2022, పక్కదానికి ఆర్-10.2019 ఉండొచ్చు. పాత గుర్తు కనబడగానే ఆ సెక్షన్ చెల్లదనుకోవద్దు. దాన్ని ఆ తర్వాత సవరించలేదని మాత్రమే.

పోస్టులో మిగతాదంతా యథాతథం.