టీవీతో వాతావరణ పాఠం దండగట! ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఈ మధ్య అనంతపురంలో టీచర్ల గ్రూపుల్లో, పేరెంట్స్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. ఎవరు రాశారో లేదు గానీ పైన "మేధావుల మాట" అని తగిలించారు. క్లుప్తంగా ఇదీ అందులో ఉన్నది: టీవీలు, వీడియోలు పెట్టి పిల్లలకు వాతావరణ మార్పు నేర్పడం శుద్ధ దండగ, తెర ముందు కూర్చుంటే బుర్రకేమీ ఎక్కదు, ఓజోన్ చిల్లు వల్ల వేడి పెరుగుతోందని పుస్తకంలో ఉంది కదా అది చాలు, మీడియా చేసేది భయపెట్టడమే, సీమలో కరువు ఎప్పుడూ ఉన్నదే, మంచు కొండల గొడవ మనకెందుకు, ఇదంతా టీచర్లు పాఠం ఎగ్గొట్టడానికి దొరికిన సాకు. నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను కాబట్టి ఆఖరి ముక్కకి ఒళ్ళు మండింది. అయినా దాన్ని చివరికే ఉంచుతా.

ముందు ఓజోన్ సంగతి తేల్చేద్దాం. ఎండలోని హానికర కిరణాలను ఆపే ఓజోన్ పొర పలచబడటమే ఓజోన్ చిల్లు. అది వేరు, భూమి వేడెక్కడం వేరు. ఓజోన్‌ని దెబ్బతీసే రసాయనాలను తగ్గించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, ఆ పొర మెల్లగా కోలుకుంటోంది కూడా. వేడి పెరగడానికి ప్రధాన కారణం బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్. "పుస్తకం చాలు" అన్న మనిషే ఈ రెండూ కలిపేశాడంటే ఆయనకు ఆ పుస్తకం చాలలేదనే కదా అర్థం.

"తెర ముందు కూర్చుంటే ఏమీ ఎక్కదు" అట. ఏమప్పా, మన దేశం ఈ పని యాభై ఏళ్ళ కిందటే చేసి చూసింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దవాళ్ళకు. తెర మీద పాఠం ఎక్కడ చెడుతుందంటే, వీడియో ఆన్ చేసి పీరియడ్ అంతా దాని మానాన దాన్ని వదిలేసి టీచరు రిజిస్టర్ రాసుకుంటూ కూర్చున్నప్పుడు. అది తెర తప్పు కాదు.

ఆపి చూపించాలి. ఉపగ్రహం తీసిన మబ్బుల చిత్రాలు వరసగా కదిలించండి. జూన్, జూలైల్లో అరేబియా సముద్రం నుంచి వచ్చే మబ్బులు పడమటి కనుమలకు తగిలి అటువైపే కుమ్మరించి, కనుమలు దాటి మన దగ్గరికి వచ్చేసరికి ఎలా పలచబడిపోతాయో కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. పుస్తకంలో దీనికి "వర్షచ్ఛాయా ప్రాంతం" అని రెండు లైన్లు ఉంటాయి, పిల్లలు బట్టీ కొడతారు. తెర మీద అక్కడ ఆపి "ఇది వాతావరణ మార్పు వల్లా, మన జిల్లా ఉన్న చోటు వల్లా?" అని అడిగితే క్లాసు రెండుగా చీలిపోయి కొట్టుకుంటుంది. నాకు కావలసింది ఆ కొట్లాటే.

ఇప్పుడు "కరువు ఎప్పుడూ ఉన్నదే" అన్న మాట. ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అది కనుమల చాటున ఉండటం వల్ల, కొత్తగా వచ్చింది కాదు. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంటే ఎండినప్పుడు నేలలో తేమను ఇంకా గట్టిగా లాగేస్తుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా దంచుతుంది. శెనక్కాయ వేసిన రైతునడగండి, మొత్తం ఎంత పడిందని కాదు, ఊడలు దిగేటప్పుడు పడిందా లేదా అన్నదే ఆయన లెక్క. ఇంకో పక్క 2021 నవంబర్‌లో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, 2022 అక్టోబర్‌లో మా టౌన్‌లోనే నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఆ వార్తల వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. ఒక్క వానను చూపించి ఇదే వాతావరణ మార్పు అని చెప్పేయకూడదు, వంకలో ఇళ్ళు కట్టుకోవడం కూడా కారణమే. ఆకాశం వాటా ఎంత, మన వాటా ఎంత అని పిల్లలతో విడదీయించడానికి అంతకంటే మంచి వీడియో ఏముంది?

"మీడియా భయపెడుతుంది" అంటే కాదనను. ఎర్ర గ్రాఫిక్స్, డప్పుల మ్యూజిక్, "ఎడారిగా మారుతున్న అనంత" అని హెడ్డింగ్. ఆ బులెటిన్‌నే క్లాసులోకి తెచ్చుకోవాలి. వాళ్ళు చూపించేది బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు ఇసుక దిబ్బలు. ఆ ఇసుక ఎక్కడిది? ఎండిపోయిన హగరి నది ఇసుకను గాలి లేపి పొలాల్లో పోస్తోంది. చెట్టూ గడ్డీ ఉంటే ఆగుతుంది. ఇంకోటి, ప్రతి ఛానెలూ "జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన మనకే" అంటుంది. లేహ్‌లో ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్లే. బీకానేర్, బాడ్మేర్ 300కి అటూ ఇటూ. మనం రెండో స్థానంలో ఎలా ఉంటాం? వాన లెక్కలు ముందు పెడితే తొమ్మిదో తరగతి పిల్లలే ఈ తప్పు పట్టుకుంటారు. టీవీని పట్టుకుని ప్రశ్నించడం నేర్చుకున్న పిల్లాడు రేపు ఇలాంటి ఫార్వర్డ్‌లను కూడా వదలడు, బహుశా ఆ రాసినాయన భయం అదేనేమో!

మంచు కొండల విషయంలో ఆయనతో కొంత ఏకీభవిస్తా. తెల్ల ఎలుగుబంటిని చూపించి చూపించి విసుగు పుట్టించారు. రామగిరి గాలిమరలు, కర్నూలు దగ్గర గని–శకునాల సోలార్ పార్కు, ముద్దనూరు దగ్గర థర్మల్ కేంద్రం, ఇవి చూపించండి. కానీ గాలికి జిల్లా సరిహద్దులు ఉండవు. హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 315, ఇప్పుడు 420 దాటింది. ముద్దనూరు పొగ కూడా ఆ లెక్కలో ఉంది.

ఇక టీచర్లు ఎగ్గొట్టడం. 1991లో పర్యావరణ లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టే పర్యావరణాన్ని బడిలో తప్పనిసరి చేయమంది, రేడియో, టీవీల్లో కార్యక్రమాలు, సినిమా హాళ్ళలో స్లైడ్లు వేయమంది. అంటే ఇది మా సొంత సరదా కాదు. వీడియో ఎక్కడ ఆపాలో, ఏం అడగాలో ముందు రోజు రాత్రి రాసుకోవాలి, చాక్‌పీస్ పాఠం కంటే పని ఎక్కువే. స్కూల్లో ప్యానెల్ (పాఠాల పెద్ద తెర) ఉండి కూడా రిమోట్ బీరువాలోనే ఉంటోందని తిట్టండి, పడతాను. కరెంటు పోతుందంటే, నెట్ రాదంటే అదీ నిజమే. దానికి పెన్‌డ్రైవ్ ఉంది, అదీ కాకపోతే ఆకాశవాణి వాతావరణ బులెటిన్ ఉంది, ఫోన్లో పెట్టి వినిపించి నల్లబల్ల మీద మ్యాప్ గీయిస్తాను.