బరువు తగ్గితే నాణ్యత తగ్గినట్టేనా? స్లిమ్ కన్సోళ్ల ఫార్వర్డుకు జవాబు

సెకండ్ హ్యాండ్ గేమింగ్ కన్సోల్ (టీవీకి తగిలించి గేములాడే పెట్టె) కొందామనుకుంటున్నానని ఎవరైనా గ్రూపులో అడగడం ఆలస్యం, స్లిమ్ మోడళ్ల మీద, అంటే అదే కన్సోల్‌ను కొన్నేళ్లకు చిన్న డబ్బాలో మళ్లీ తెచ్చినవాటి మీద, ఒక ఫార్వర్డు వచ్చి పడుతుంది. అందులో ఉండేది ఇది: "స్లిమ్ మోడల్ జోలికి పోవద్దు. డబ్బా చిన్నదైతే గాలి ఆడదు, వేడెక్కి పోతుంది. బరువు తగ్గిందంటే లోపల సామాను కోసేశారన్నమాట. పాత లావు మోడళ్లే రాయిలా నిలబడతాయి. స్లిమ్‌లో పాత గేములు ఆడవు. చిప్‌ని కూడా కావాలనే స్లో చేస్తారు. అంతా కంపెనీ లాభం కోసమే."

చివరి ముక్క నిజమే. తయారీ ఖర్చు తగ్గించుకోవడానికే స్లిమ్ చేస్తారు, ఆ సంగతి ఎవరూ దాచలేదు. స్లో చేస్తారన్న మాటలో సగం నిజం ఉంది. మిగతా మాటలు నిలబడవు. విచిత్రమేమంటే, స్లిమ్ కొన్నవాళ్లు నిజంగా పోగొట్టుకునేవి కొన్ని ఉన్నాయి, ఈ ఫార్వర్డులో వాటి ఊసే లేదు.

"డబ్బా చిన్నదైతే వేడెక్కుతుంది"

ఇక్కడ కారణం, ఫలితం తారుమారయ్యాయి. ముందు డబ్బా తగ్గించి అందులో పాత చిప్‌ని కుక్కరు. చిప్ తినే కరెంటు తగ్గాకే డబ్బా తగ్గించే వీలు కలుగుతుంది. సోనీ ప్లేస్టేషన్ 4 (పీఎస్4) మూత తీస్తే ఇది కళ్లకు కనబడుతుంది. 2013లో వచ్చిన మొదటి మోడల్ సీయూహెచ్-1000లో 28 నానోమీటర్ల చిప్ (ఈ అంకె ఎంత తగ్గితే చిప్ అంత చిన్నదై, కరెంటు అంత తక్కువ తింటుంది), వైశాల్యం సుమారు 348 చదరపు మిల్లీమీటర్లు. 2016 సెప్టెంబరులో వచ్చిన స్లిమ్, అంటే సీయూహెచ్-2000లో అదే డిజైను 16 నానోమీటర్లలో సుమారు 210కి దిగింది. మొదటి బోర్డు మీద మెమరీ చిప్‌లు 16, పైన ఎనిమిది, అడుగున ఎనిమిది. 2015లో వచ్చిన సీయూహెచ్-1200 నాటికే ఒక్కోటి రెట్టింపు సామర్థ్యమున్న ఎనిమిది చిప్‌లతో సరిపోయింది.

పవర్ సప్లై మీద ముద్రించిన పేరు చూసినా కథ అర్థమవుతుంది. మొదటి మోడల్లో ఏడీపీ-240ఏఆర్, 1200లో ఏడీపీ-200ఈఆర్, స్లిమ్‌లో ఏడీపీ-160సీఆర్. ఆ మధ్య అంకె దాదాపుగా వాట్లే. సోనీ ప్రకటించిన గరిష్ఠ వినియోగం కూడా అదే వరసలో 250, 230, 165 వాట్లు. ఆడేటప్పుడు ఏ మోడలూ ఆ గరిష్ఠం దాకా లాగదు, కానీ తేడా మాత్రం తేడానే. కన్సోల్ తిన్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. తినేదే మూడో వంతు తగ్గినప్పుడు హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు రెక్కలు), ఫ్యాన్ చిన్నవైతే తప్పేముంది?

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. చిప్ చిన్నదైతే ఉన్న వేడి తక్కువ చోటులో పోగవుతుంది. కాబట్టి చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోతే స్లిమ్ కూడా మొరాయిస్తుంది. ఐదారేళ్లు వాడిన ఏ పీఎస్4 ఫ్యానైనా విమానంలా మోగుతుంటే డబ్బా సైజును కాదు, హీట్‌సింక్ రెక్కల మధ్య కంబళిలా పేరుకున్న దుమ్మును అనుమానించండి. విప్పడానికి టీ8 సెక్యూరిటీ టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారపు స్క్రూడ్రైవర్ మొన) కావాలి, దాని మధ్యలో చిన్న గుంత ఉంటుంది. మామూలు టార్క్స్ దూరదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, వదిలేస్తే హద్దు మీరిన వేగంతో తిరిగి బేరింగు పాడవుతుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచాకే బఠాణీ గింజంత కొత్తది పెట్టాలి.

"బరువు తగ్గిందంటే సామాను కోసేశారు"

ఈ మాటకు మూలం ప్లేస్టేషన్ 5 (పీఎస్5). 2021లో సీఎఫ్ఐ-1100 మోడల్ 300 గ్రాములు తేలికగా వచ్చింది, హీట్‌సింక్ చిన్నదైంది. వెనకనుంచి వచ్చే గాలి పాతదానికన్నా వేడిగా ఉందని థర్మల్ కెమెరాతో చూపించిన వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. "చూశారా, నాసిరకం" అన్నారు. కానీ బయటికొచ్చే గాలి వేడిని బట్టి లోపల చిప్ ఎంత వేడిగా ఉందో తేల్చలేం. లోపలి వేడిని చురుగ్గా బయటికి తోస్తున్నప్పుడు కూడా ఆ గాలి వేడిగానే ఉంటుంది. ఆ తర్వాత లోపల సెన్సర్లు అతికించి కొలిచినవాళ్లకు ఒక్కో భాగానికి ఒక్కో రకం ఫలితం వచ్చింది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం గానీ కుక్కర్ ఆవిరి చూసి చెప్పం కదా.

ఇక బరువు లెక్క. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 2020లో 4.5 కిలోలు, 2021లో 4.2, 2022లో సీఎఫ్ఐ-1200 వచ్చేసరికి 3.9. ఈ మూడింటికీ బయటి డబ్బా ఒకటే! అంటే స్లిమ్ పుట్టకముందే, లావు డబ్బాలోనే 600 గ్రాములు కరిగిపోయాయి. చిప్ 7 నుంచి 6 నానోమీటర్లకు మారింది కూడా ఆ లావు 1200లోనే. 2023 నవంబరు నాటి స్లిమ్ 3.2 కిలోలు, లోపల ఉన్నది ఆ 6 నానోమీటర్ల చిప్పే. కాబట్టి "లావుదైతే పాత చిప్, స్లిమ్ అయితే కొత్త చిప్" అన్న సూత్రం కూడా చెల్లదు. ఫార్వర్డును నమ్మి లావు పీఎస్5 కొన్నవాళ్లలో కొందరికి తెలియకుండానే కొత్త చిప్ అంది ఉంటుంది, అది వాళ్ల అదృష్టం.

"పాత లావు మోడళ్లే రాయిలా నిలబడతాయి"

మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 పేరు విన్నవాళ్లు ఈ మాట ఎలా అనగలరో అర్థం కాదు. పవర్ బటన్ చుట్టూ మూడు ఎర్ర దీపాలు వెలిగి ప్రాణం విడిచినవన్నీ లావు మోడళ్లే. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. 2021లో ఆ సంస్థ ఇంజినీర్లే వివరం చెప్పారు: ఆన్ చేసినప్పుడు వేడెక్కి, ఆపినప్పుడు చల్లారి, ఆ సాగుడు ముడుచుడులో చిప్ ప్యాకేజీ లోపలి అతుకులు తెగిపోయాయి. హీట్ గన్‌తో కాల్చి "రిపేర్" చేసినవి కొన్ని వారాలకే మళ్లీ పోవడానికి కారణమూ ఇదే. తెగిన అతుకు వేడికి తాత్కాలికంగా తగులుకుంటుంది, అంటుకోదు.

పైగా 'లావు 360' అన్నది ఒక్క వస్తువు కాదు. 2005 నాటి మొదటి బోర్డుకు 203 వాట్ల అడాప్టర్, 2007 చివర్లో వచ్చిన ఫాల్కన్ బోర్డుకు 175, 2008 చివర్లో వచ్చిన జాస్పర్‌కు 150. బయటినుంచి అన్నీ ఒకే పోలిక. లావులోనే కావాలంటే జాస్పర్ వెతకండి, అడాప్టర్ లేబుల్ మీద వాట్లు చూస్తే చాలావరకు దొరికిపోతుంది. 2010 జూన్‌లో వచ్చిన 360 ఎస్‌కు, అంటే స్లిమ్‌కు, 135 వాట్లే. సీపీయూ (ప్రధాన ప్రాసెసర్), జీపీయూ (బొమ్మలు గీసే గ్రాఫిక్స్ ప్రాసెసర్) రెండూ 45 నానోమీటర్ల ఒకే చిప్‌లోకి వచ్చేశాయి.

అలాగని స్లిమ్‌లు మచ్చలేనివేం కాదు. 2004లో వచ్చిన స్లిమ్ ప్లేస్టేషన్ 2 (పీఎస్2)లో పవర్ సప్లైని బయటికి నెట్టారు. ఆ ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు మధ్య తయారైన అడాప్టర్లు వేడెక్కుతున్నాయని సోనీ 2005 సెప్టెంబరులో వెనక్కి పిలిచింది. ఇంకో తలనొప్పి, డిస్కు చదివే లేజర్‌కు వెళ్లే రిబ్బన్ కేబుల్ (పట్టీలాంటి పలచని తీగ). అది పైకి ఉబ్బి తిరుగుతున్న డిస్కుకు రాసుకుంటే, డిస్క్ మీద గుండ్రంగా గీత పడుతుంది. స్లిమ్ పీఎస్2 కొంటున్నవాళ్లు మూత ఎత్తి లేజర్‌ను వేలితో మెల్లగా ఆ చివరికీ ఈ చివరికీ జరిపి చూడాలి. కేబుల్ ఎక్కడైనా లేస్తుంటే విప్పి కిందికి సర్దాలి.

"స్లిమ్‌లో పాత గేములు ఆడవు"

ఇది ప్లేస్టేషన్ 3 (పీఎస్3) గురించిన మాట. పీఎస్2 డిస్కులు ఆడే గుణం స్లిమ్ వచ్చినప్పుడు పోయిందని చాలామంది నమ్మకం. కాదు, అది 2007లో లావు మోడల్లోనే పోయింది. స్లిమ్ వచ్చింది 2009 సెప్టెంబరులో. మోడల్ నంబరులో సీఈసీహెచ్ తర్వాత అక్షరం ఏ, బీ అయితే పీఎస్2 చిప్‌లు రెండూ లోపలే ఉంటాయి. సీ, ఈ అయితే గ్రాఫిక్స్ చిప్ మాత్రమే ఉంటుంది, మిగతా పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, కొన్ని గేములు తడబడతాయి. జీ నుంచి మొదలుపెట్టి తర్వాతవేవీ పీఎస్2 డిస్కు ఆడవు, ఎంత లావుగా ఉన్నా. పీఎస్1 డిస్కులంటారా, స్లిమ్‌తో సహా అన్ని పీఎస్3లూ ఆడతాయి.

"చిప్‌ని కావాలనే స్లో చేస్తారు"

సగం నిజమన్నది ఇదే. 360 ఎస్‌లో సీపీయూ, జీపీయూ ఒకే ముక్కలోకి రాగానే వాటి మధ్య సమాచారం పాతదానికన్నా త్వరగా చేరే వీలొచ్చింది. ఇంజినీర్లు మధ్యలో ఒక బ్లాకు పెట్టి ఆ ఆలస్యాన్ని మళ్లీ పాత లెక్కకే తెచ్చారు. 2010లో చిప్‌ల సదస్సులో వాళ్లే వివరించారు, రహస్యమేం కాదు. అంటే పాతదానికన్నా నెమ్మది చేయలేదు, పాతదానితో సమానం చేశారు. ఎందుకంటే పాత బోర్డు వేగాన్ని నమ్ముకుని రాసిన గేములు కొత్త దానిలో తేడాగా నడవకూడదు. స్లిమ్ మీద ఆట కొంచెం సాఫీగా నడుస్తుంటే, లావుదాని యజమాని మోసపోయానంటాడు కూడా. దీనికి మినహాయింపు 2016 నాటి ఎక్స్‌బాక్స్ వన్ ఎస్, అంటే ఎక్స్‌బాక్స్ వన్ స్లిమ్ రూపం. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపే వీడియో పద్ధతి) కోసం జీపీయూను 853 మెగాహెర్ట్జ్ నుంచి 914కి పెంచారు. అంటే పెంచారే గానీ తగ్గించలేదు.

ఫార్వర్డు మరిచిన నష్టాలు

అసలు బేరం ఇక్కడుంది. వేడి గురించి కాదు, వెనక ఉన్న పోర్టుల గురించి అడగాలి.

స్లిమ్ పీఎస్2లో హార్డ్‌డిస్క్ పెట్టే అర పోయింది, బదులుగా నెట్‌వర్క్ పోర్టు లోపలికొచ్చింది. స్లిమ్ పీఎస్3లో లినక్స్ వేసుకునే సౌకర్యం మొదట్నుంచీ లేదు. 2010 ఏప్రిల్ 1న 3.21 అప్‌డేట్‌తో లావువాటిలోనూ తీసేశారు. 360 ఎస్ తర్వాత 2013లో వచ్చిన 360 ఈ మోడల్లో కాంపోనెంట్ వీడియో పోర్టు (పాత టీవీలకు కలిపేది), ఒక యూఎస్‌బీ ఎగిరిపోయాయి. ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌లో కైనెక్ట్ (ఒంటి కదలికల్ని గుర్తించే కెమెరా) పోర్టు లేదు, వేరే అడాప్టర్ వెతుక్కోవాలి.

మన ఇళ్లలో ఎక్కువగా దెబ్బ కొట్టేది స్లిమ్ పీఎస్4. దీనికి ఆప్టికల్ ఆడియో పోర్టు (కాంతి తీగతో శబ్దాన్ని హోమ్ థియేటర్‌కు పంపేది) లేదు. హెచ్‌డీఎంఐ లేని పాత హోమ్ థియేటర్ ఉన్నవాళ్లు ముందే చూసుకోవాలి. టీవీ వెనక ఆప్టికల్ అవుట్ ఉంటే దాన్నుంచి తీసుకోవచ్చు. కన్సోల్ సౌండ్ సెట్టింగుల్లో బిట్‌స్ట్రీమ్ డాల్బీ (సరౌండ్ శబ్దం) ఎంచుకున్నా కొన్ని టీవీలు స్టీరియో మాత్రమే బయటికి వదులుతాయి. అప్పుడు హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్ (హెచ్‌డీఎంఐ నుంచి శబ్దాన్ని విడదీసే చిన్న పెట్టె) తప్పదు. దాని ధర కూడా బేరంలో కలిపి చూడండి. బదులుగా స్లిమ్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై వచ్చింది. లావు పీఎస్4లో అది లేదు, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇది పెద్ద తేడానే.

స్లిమ్ పీఎస్5లో నిలబెట్టే స్టాండు విడిగా కొనాలి. డిస్క్ డ్రైవ్ ఊడదీసి పెట్టుకోవచ్చు గానీ, కొత్తది తగిలించినప్పుడు ఒకసారి ఇంటర్నెట్‌కు కలిపి నమోదు చేయాలి. బయటివాళ్ల దగ్గర విడి డ్రైవ్ కొనేటప్పుడు మీ కన్సోల్‌కు తగిలించి, నమోదయ్యాకే డబ్బులివ్వండి.

సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ల బజారు)లో కొన్నా, ఓఎల్‌ఎక్స్‌లో కొన్నా డబ్బా సన్నమా లావా అని కాదు, వెనకో అడుగునో ఉన్న స్టిక్కర్ ఫొటో అడగండి. మోడల్ నంబరు దాని మీదే ఉంటుంది. అదే స్టిక్కర్ మీద వోల్టేజీ కూడా చదవండి. పీఎస్4, పీఎస్5 100 నుంచి 240 వోల్టులకు పనిచేస్తాయి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అయితే, లావుదైనా స్లిమ్ అయినా, అడాప్టర్ 100 నుంచి 127 వోల్టులదే. దాన్ని మన 230 ప్లగ్గులో నేరుగా పెట్టొద్దు. సరిపడా వాట్లున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి, లేదా 220-240 వోల్టుల అడాప్టర్ కొనండి. కొనేటప్పుడు పిన్ను ఆకారం సరిపోయిందో లేదో చూసుకోండి: 203 వాట్ల పాత కన్సోల్‌కు 150 వాట్లది ఎక్కదు.